బడి గేటు దగ్గర నిలబెట్టిన పిల్లలు

జూన్ నెల వస్తే ప్రొద్దుటూరు బట్టల దుకాణాల్లో యూనిఫాం గుడ్డకు గిరాకీ మొదలవుతుంది. జమ్మలమడుగు నుండి, పులివెందుల చుట్టుపక్కల పల్లెల నుండి తల్లిదండ్రులు వచ్చి గళ్ల చొక్కా ఏ బడిది, నీలం చొక్కా ఏ బడిది అని ఆరా తీసి రెండు జతలకు సరిపడా కొనుక్కుపోతారు. పిల్లవాడు ఏడాదిలో పొడుగవుతాడని దర్జీతో చెప్పి లాగుకు ఒక మడత ఎక్కువ పెట్టిస్తారు. సర్కారు బడి పిల్లలకు ఈ ఖర్చు తప్పింది. 2020 అక్టోబరు 8న మొదలైన విద్యా కానుకలో మూడు జతల గుడ్డ, బూట్లు, బెల్టు, సంచి ఇచ్చారు. తరువాత 2024లో ప్రభుత్వం మారింది, కిట్టు పేరు కూడా మారింది. యూనిఫాం ఇవ్వడం మాత్రం ఆగలేదు.

యూనిఫాం అంటే మాకు గౌరవమే. యాకోబు తన పిల్లలందరిలో యోసేపుకొక్కడికే రంగుల అంగీ కుట్టించాడు. ఆ ఒక్క అంగీ ఆ ఇంటిని ఎంత అల్లకల్లోలం చేసిందో ఆదికాండము 37వ అధ్యాయం చదివిన ప్రతివారికీ తెలుసు. బంగారు ఉంగరం పెట్టుకొని మెరిసే బట్టలు కట్టుకొన్నవాణ్ణి మంచి చోట కూర్చోబెట్టి, మాసిన బట్టలవాణ్ణి కాళ్ల దగ్గర కూర్చోమనే సంఘాన్ని యాకోబు తన పత్రికలో (2:1-4) ఎంత గట్టిగా గద్దించాడో కూడా మనకు తెలుసు. కూలి చేసుకొనే తల్లి కొడుకు, బంగారు అంగడి యజమాని కొడుకు ఒకే బెంచీ మీద ఒకే రంగు చొక్కాలతో కూర్చుంటే, ఆ ఆరు గంటలైనా ఎవరు ఎవరో తెలియకుండా ఉంటుంది. అది చిన్న మేలు కాదు.

అయితే ప్రియ పాఠకులారా, తగువు చొక్కా రంగు గురించి రావడం లేదు. చొక్కా మీద, చొక్కా పైన, నుదుటి మీద, తల మీద ఏముందన్న దగ్గర వస్తోంది. కార్తీక మాసం వస్తే అయ్యప్ప మాల వేసుకొన్న పిల్లవాడు నల్ల బట్టల్లో, చెప్పులు లేకుండా బడికి వస్తాడు. ముస్లిం అమ్మాయి తలకు గుడ్డ కట్టుకొని వస్తుంది. మన సంఘాల పిల్ల బొట్టు లేకుండా, పూలు లేకుండా వెళ్తుంది. అక్కడ ఎవరో ఒకరు 'ఏమ్మా, ముఖం బోసిగా ఉందే' అంటారు. ఆ పిల్ల ఇంటికి వచ్చి ఏడుస్తుంది. తల్లిదండ్రులు పాస్టరు దగ్గరికి వస్తారు. ఈ మూడు ఊళ్లలో సేవ చేసేవారెవరికీ ఇది కొత్త సంగతి కాదు.

బొట్టు పెట్టుకోమని పిల్లను ఒత్తిడి చేశారని విన్నప్పుడు మన వాళ్లకు రాజ్యాంగం వెంటనే గుర్తుకొస్తుంది. మన మిషను బడిలో మాల వేసుకొన్న పిల్లవాణ్ణి గేటు దగ్గర ఆపారని విన్నప్పుడు మాత్రం క్రమశిక్షణ గుర్తుకొస్తుంది. ఈ రెండు జ్ఞాపకాలూ ఒకే మనిషిలో ఎలా కాపురం చేస్తున్నాయో చూద్దామనే ఈ వ్యాసం.

మన తెలుగు నేల మీదే జరిగిన సంగతి ఒకటి ఉంది. తెలంగాణలోని మంచిర్యాల జిల్లా కన్నెపల్లిలో మదర్ థెరిసా పేరుతో కేరళ కతోలిక గురువులు నడిపే ఒక హైస్కూలు ఉంది. 2024 ఏప్రిల్‌లో కొందరు విద్యార్థులు హనుమాన్ దీక్ష తీసుకొని యూనిఫాంకు బదులు కాషాయ బట్టల్లో వచ్చారు. ప్రిన్సిపాలు వారిని ఇదేమిటని అడిగి, మీ తల్లిదండ్రులను తీసుకురండి, మాట్లాడదాం అన్నారు. వార్తల్లో వచ్చినంత వరకు జరిగింది అంతే. కానీ హిందూ పిల్లలను దీక్ష బట్టల్లో రానివ్వడం లేదని ఒక వీడియో పాకిపోయింది. ఏప్రిల్ 16న ఒక గుంపు నినాదాలు చేస్తూ లోపలికి వచ్చి కిటికీ అద్దాలు పగులగొట్టింది. మదర్ థెరిసా విగ్రహం మీద రాళ్లు వేసింది. ఫాదరుగారి మీద చేయి చేసుకొంది, బలవంతంగా నుదుట తిలకం పెట్టింది. పోలీసులు బడి యాజమాన్యం మీద కూడా 153-ఎ, 295-ఎ సెక్షన్ల కింద కేసు పెట్టారు. వర్గాల మధ్య వైరం రెచ్చగొట్టడం, మత విశ్వాసాలను అవమానించడం ఆ సెక్షన్లు చెప్పే నేరాలు.

తల్లిదండ్రులను పిలుచుకురమ్మనడం ఏ దేశంలోనూ నేరం కాదు. రాళ్లు వేయడం నేరం. ఈ మాట చెప్పడానికి మాకు సంకోచం లేదు. ఒక మనిషి నుదుట అతనికి ఇష్టం లేని గుర్తు బలవంతంగా పెట్టడం ఎంతటి అవమానమో, మరొకరి నుదుటి గుర్తును బలవంతంగా తుడిపించడమూ అంతటి అవమానమే. ఆ రోజుల్లో మన సంఘాల ప్రార్థన కూటాల్లో ఆ బడి కోసం కన్నీళ్లతో ప్రార్థించారు, అది సరైన పనే. కానీ దీక్ష బట్టల్లో వచ్చిన ఆ పిల్లల గురించి, వాళ్లను తరగతిలో కూర్చోనిస్తే పాఠానికి వచ్చే నష్టమేమిటన్న దాని గురించి ఎవరూ మాట్లాడగా మేము వినలేదు. రాయి వేసినవాడు మన ఆలోచనను కూడా పగులగొట్టి వెళ్లాడేమో అనిపించింది.

ఈ విషయంలో భారతదేశపు న్యాయస్థానాలు ఇచ్చిన తీర్పుల్లో అన్నిటికంటే పెద్దది ఒక తెలుగు న్యాయమూర్తి రాసినది. ఆ సంగతి మన సంఘాల్లో చాలామందికి తెలియదు. జస్టిస్ ఓ. చిన్నపరెడ్డిగారు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసి 1978లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1986 ఆగస్టు 11న ఆయన, జస్టిస్ ఎం.ఎం. దత్ కలిసి ఇచ్చిన తీర్పును బిజో ఇమ్మాన్యుయేల్ కేసు అంటారు.

కేరళలో ఒక అన్న, ఇద్దరు చెల్లెళ్లు. పదో తరగతి, తొమ్మిదో తరగతి, అయిదో తరగతి. యెహోవా సాక్షుల కుటుంబం. ఉదయం అసెంబ్లీలో జాతీయ గీతం పాడేటప్పుడు ఆ ముగ్గురూ లేచి నిటారుగా నిలబడేవారు, కానీ గొంతు కలిపేవారు కాదు. తమ దేవుడికి తప్ప మరి దేనికీ ఆ విధమైన కీర్తన పాడకూడదని వాళ్ల విశ్వాసం. వాళ్ల అక్కలు అదే బడిలో చదివినప్పుడూ ఇలాగే నిలబడ్డారు, ఎవరూ పట్టించుకోలేదు. 1985 జూలైలో ఒక శాసనసభ్యుడు అది చూసి దేశభక్తి లేదని శాసనసభలో లేవనెత్తాడు. విచారణకు ఒక కమిషన్ వేశారు. పిల్లలు బుద్ధిమంతులేననీ, గీతాన్ని అగౌరవపరచలేదనీ ఆ కమిషనే చెప్పింది. అయినా పైఅధికారి ఆదేశం మీద హెడ్‌మిస్ట్రెస్ జూలై 26న ముగ్గురినీ బడి నుండి తీసేసింది. హైకోర్టు కూడా తల్లిదండ్రుల మొర వినలేదు. గీతంలోని ప్రతి మాటా పరిశీలించి, ఇందులో ఏ మతానికీ నొప్పి కలిగించేది లేదు కదా, పాడితే ఏం అంది.

చిన్నపరెడ్డిగారు ఆ ప్రశ్ననే పక్కకు పెట్టారు. ఆ విశ్వాసం మన బుద్ధికి నచ్చుతుందా లేదా అన్నది న్యాయస్థానం చూడవలసినది కాదన్నారు. ఆ పిల్లలు దాన్ని నిజంగా, మనస్ఫూర్తిగా నమ్ముతున్నారా అన్నదే ప్రశ్న. నమ్ముతున్నారు. గీతం పాడి తీరాలనే చట్టమేదీ లేదు. 1971 నాటి జాతీయ గౌరవ పరిరక్షణ చట్టం పాడేవారిని అడ్డుకొంటే శిక్షిస్తుంది కానీ, గౌరవంగా నిలబడి మౌనంగా ఉన్నవారిని శిక్షించదు. మాట్లాడే స్వేచ్ఛలో మౌనంగా ఉండే స్వేచ్ఛ కూడా ఇమిడి ఉంది. కేవలం విద్యాశాఖ సర్క్యులరు చూపించి 19వ అధికరణం ఇచ్చిన ఆ స్వేచ్ఛను గానీ, 25వ అధికరణం ఇచ్చిన మనస్సాక్షి స్వేచ్ఛను గానీ తీసివేయడానికి వీల్లేదు. పిల్లలను తిరిగి బడిలో చేర్చుకోమని ఆదేశించారు. చివరన, మన సంప్రదాయం, మన తత్వం, మన రాజ్యాంగం మూడూ సహనాన్నే చెబుతున్నాయనీ దాన్ని మనం పలచన చేయవద్దనీ రాసి ముగించారు.

యెహోవా సాక్షుల బోధతో మాకు పొత్తు కుదరదు. క్రీస్తు దైవత్వం విషయంలో వారికీ మనకూ మధ్య ఉన్నది చిన్న కాలువ కాదు, పెన్నా నది. అలాంటప్పుడు ఇంత ఆసక్తిగా వారి కేసు ఎందుకు చెబుతున్నామంటే, మన పిల్ల బొట్టు పెట్టుకోనని చెప్పినప్పుడు ఆమె వెనుక నిలబడే తీర్పు ఇదే గనుక. మనకు బోధ నచ్చని ముగ్గురు పిల్లలు బడి పోగొట్టుకొని సంపాదించిన నీడలో మన పిల్లలు నిలబడుతున్నారు. ఏ పిల్లవాడి విశ్వాసమూ హెడ్మాస్టరు బుద్ధికి సరిపోనక్కరలేదు.

ఇక కర్ణాటక సంగతి. ఉడుపిలో ఒక ప్రభుత్వ బాలికల కళాశాలలో 2021 చివర్లో మొదలైన హిజాబ్ వివాదం అందరికీ తెలిసిందే. 2022 ఫిబ్రవరి 5న ప్రభుత్వం యూనిఫాం ఉత్తర్వు ఇచ్చింది. మార్చి 15న ముగ్గురు న్యాయమూర్తుల హైకోర్టు ధర్మాసనం, తలగుడ్డ ఇస్లాంలో అత్యవసరమైన ఆచారం కాదు, కనుక యూనిఫాం నిబంధన చెల్లుతుందని చెప్పింది. సుప్రీంకోర్టులో అదే ఏడాది అక్టోబరు 13న ఇద్దరు న్యాయమూర్తులు రెండు తీర్పులు ఇచ్చారు. జస్టిస్ హేమంత్ గుప్తా హైకోర్టు మాట సరైనదే అన్నారు. జస్టిస్ సుధాంశు ధూలియా కాదన్నారు. అత్యవసర ఆచారమా కాదా అనే తర్కంలోకి దిగడమే అనవసరం, ఆ అమ్మాయి చదువు ఆగిపోకుండా చూడటమే ముఖ్యం అన్నది ఆయన ఆలోచన. అందుకు ఆయన ఆధారం చేసుకొన్న వాటిలో మన చిన్నపరెడ్డిగారి తీర్పు ఒకటి. విషయం పెద్ద ధర్మాసనానికి పంపమన్నారు.

ఆ రోజుల్లో మన సంఘాల్లో కొందరు 'బడిలో మతం ఎందుకు' అని తేలికగా అనేశారు. ఆదివారం ఉదయం ఆ మాట అన్న ఇంటి ఇల్లాలే పమిట చెంగు తల మీద కప్పుకొని ఆరాధనకు వచ్చి కూర్చుంది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయం ప్రకారం ముసుగు వేసుకోని స్త్రీని వేదిక ఎక్కనివ్వని సంఘాలు మన జిల్లాలో కొదువ లేవు. బ్రెదరన్ వారు, పెంతెకొస్తు వారు దీన్ని ఎంత పట్టుదలగా పాటిస్తారో తెలుసు. సి.ఎస్.ఐ., లూథరన్ సంఘాల్లో ముసుగు వేసుకొనేవారూ ఉన్నారు, వేసుకోనివారూ ఉన్నారు. ఇప్పుడు ఒక న్యాయమూర్తి మనల్ని పిలిపించి, ముసుగు మీ మతానికి అత్యవసరమా కాదా, అవునో కాదో ఒక్క మాటలో చెప్పండి అని అడిగితే మన పాస్టర్లలో పదిమంది పది మాటలు చెబుతారు. చివరకు, 'మీలో మీకే కుదరలేదు కనుక అత్యవసరం కాదు' అని ఆయన తీర్పు రాసుకొంటే మనం ఏమనగలం? వేదాంత కళాశాలలో మూడేళ్లు గ్రీకు చదివిన మేమే ఆ అధ్యాయంలోని ఒక్కొక్క మాట దగ్గర ఆగి ఆగి నడుస్తాం. కోర్టు హాలులో అరగంటలో తేలే విషయం కాదది.

ముసుగు తగువు ముస్లిములకే వచ్చిందనుకోవడం కూడా పొరపాటే. 2015లో వైద్య ప్రవేశ పరీక్ష ప్రశ్నపత్రం బయటపడటంతో జూలై 25న మళ్లీ పరీక్ష పెట్టారు. కాపీ కొట్టకుండా పొడుగు చేతులు, తలగుడ్డలు, నగలు వద్దని నిబంధనలు వచ్చాయి. సుప్రీంకోర్టు ముందు ఆ విషయం వచ్చినప్పుడు, మూడు గంటలు తలగుడ్డ తీసినంత మాత్రాన విశ్వాసం పోదు కదా అన్న ధోరణిలో ప్రధాన న్యాయమూర్తి మాట్లాడారు. మరుసటి రోజు తిరువనంతపురంలో పరీక్షకు వచ్చిన ఒక కన్యాస్త్రీని ముసుగు, సిలువ తీస్తేనే లోపలికి పంపుతామన్నారు. ఆమె పరీక్ష రాయకుండానే వెనక్కి వెళ్లిపోయింది. అప్పుడు క్రైస్తవ లోకం ఎంతో బాధపడింది. ఆ రోజు ఆమె మెడలో ఉన్నది సిలువ కనుక మనకు నొప్పి తెలిసింది.

మన యాజమాన్యాల సంగతికి వద్దాం. ఈ దేశంలో తలగుడ్డ తగువులు క్రైస్తవ బడుల గేట్ల దగ్గర కూడా తక్కువేమీ కాదు. 2022 ఫిబ్రవరిలో విజయవాడ లయోలా కళాశాలలో బురఖాతో వచ్చిన విద్యార్థినులను మొదట ఆపి, అధికారులు కల్పించుకొన్న తరువాత లోపలికి పంపారు. అంతకు ముందు 2018 డిసెంబరు 4న కేరళ హైకోర్టు ముందుకు వచ్చిన కేసులో బడి యాజమాన్యం క్రైస్తవులది. తలగుడ్డ, పొడుగు చేతుల చొక్కా కావాలని ఇద్దరు విద్యార్థినుల కోరిక. తీర్పు ఇచ్చిన జస్టిస్ ముహమ్మద్ ముస్తాక్‌గారు ముస్లిం. ఆయన, పిల్లల హక్కూ హక్కే, బడి హక్కూ హక్కే, రెండూ ఢీకొన్నప్పుడు విద్యాలయపు విస్తృత ప్రయోజనమే నెగ్గుతుందన్నారు. టి.సి. అడిగితే ఎలాంటి వ్యాఖ్యా రాయకుండా ఇవ్వమన్నారు. మన వాళ్లు గెలిచారు. కానీ ఆ గెలుపులో బడికి దక్కింది నిబంధన, పిల్లకు దక్కింది టి.సి. ఇతరులు మీకు ఏమి చేయాలని కోరుకొంటారో అదే వారికి చేయమని ప్రభువు చెప్పిన మాట (మత్తయి 7:12) కేసు గెలిచినంత మాత్రాన రద్దయిపోదు.

చట్టం మూడు రకాల బడులకూ ఒకేలా వర్తించదని కూడా తల్లిదండ్రులు తెలుసుకోవాలి. 19, 25 అధికరణాలు ప్రధానంగా ప్రభుత్వం చేతులు కట్టడానికి రాసినవి; సర్కారు బడిలో వాటి బలం నేరుగా కనిపిస్తుంది. పూర్తిగా ప్రభుత్వ సొమ్ముతో నడిచే బడిలో మతబోధ చేయకూడదని 28వ అధికరణం మొదటి భాగం చెబుతుంది. అదే అధికరణం మూడో భాగం మనకూ ఇతరులకూ సమానంగా పనికొచ్చేది: ప్రభుత్వ గుర్తింపు గానీ సహాయం గానీ ఉన్న ఏ బడిలోనైనా, సంరక్షకుల సమ్మతి లేకుండా పిల్లవాణ్ణి మతబోధకు, ఆరాధనకు కూర్చోబెట్టకూడదు. అంటే సరస్వతీ ప్రార్థనలో చేతులు జోడించమని మన పిల్లను బలవంతం చేయకూడదు. మన మిషను బడి ప్రేయరులో తల వంచమని ముస్లిం పిల్లను, హిందువుల పిల్లను బలవంతం చేయకూడదు. మొదటి వాక్యానికి ఆమెన్ అనేవారు రెండో వాక్యానికి కూడా అనాలి. మైనారిటీలకు బడులు స్థాపించి నడుపుకొనే హక్కు 30వ అధికరణం ఇచ్చింది నిజమే. అది 28వ అధికరణాన్ని చెరిపేయదు.

బట్ట మాట్లాడుతుందని పెద్దలకు బాగా తెలుసు. జీతాలు పెంచకపోతే ఉద్యోగులు నల్ల బ్యాడ్జీ పెట్టుకొని విధులకు వెళ్తారు. నోరు విప్పరు, కానీ చెప్పవలసింది చెప్పేస్తారు. అమెరికాలో ఇదే నల్ల గుడ్డ మీద ఒక పెద్ద కేసు నడిచింది. వియత్నాం యుద్ధంలో చనిపోయినవారి కోసం దుఃఖిస్తూ 1965 డిసెంబరులో అయోవా రాష్ట్రం డెమోయిన్ పట్టణంలో కొందరు పిల్లలు చేతికి నల్ల పట్టీ కట్టుకొని బడికి వెళ్లారు. వారిలో మేరీ బెత్ టింకర్‌కు అప్పుడు 13 ఏళ్లు. ఆమె తండ్రి మెథడిస్టు పాస్టరు. ముందే సంగతి తెలుసుకొన్న ప్రిన్సిపాళ్లు పట్టీలను నిషేధించారు, తీయనన్నవారిని ఇంటికి పంపారు. 1969 ఫిబ్రవరి 24న అమెరికా సుప్రీంకోర్టు ఏడుగురు ఒక వైపు, ఇద్దరు ఒక వైపు తీర్పు ఇచ్చింది. విద్యార్థి బడి గేటు దాటినంత మాత్రాన భావ స్వేచ్ఛను బయట వదిలి రాడు. పాఠాలకు నిజంగా పెద్ద ఆటంకం కలిగితే తప్ప బడి దాన్ని ఆపకూడదు అన్నది సారాంశం. ఆ తీర్పులో మాకు బాగా నచ్చిన గమనిక ఒకటుంది. ఆ బడులు ఎన్నికల బ్యాడ్జీలను, మరికొన్ని గుర్తులను అనుమతిస్తూ వచ్చాయి. ఆపింది ఈ నల్ల పట్టీని మాత్రమే. నిబంధన అందరికీ ఉంటే అది క్రమశిక్షణ. ఒక్కరికే ఉంటే అది వేరే సంగతి. మన ఊళ్ల బడుల్లో కూడా ఈ గీటురాయి పనికొస్తుంది. చేతికి రాఖీ ఉన్నా, మొలకు తాయెత్తు ఉన్నా, నుదుట విభూతి ఉన్నా ఎవరూ ఏమీ అనని బడి తలగుడ్డ దగ్గర మాత్రం యూనిఫాం పుస్తకం తెరిస్తే, అక్కడ అడగవలసిన ప్రశ్న ఉంది. అన్నిటినీ ఆపే బడి అయితే, అది కఠినమే అయినా కనీసం పక్షపాతం లేనిది.

పిల్లల స్వేచ్ఛ పేరుతో పెద్దలు చేసే ఒక మోసం గురించి కూడా చెప్పాలి. 2013లో సమైక్యాంధ్ర ఉద్యమం రోజుల్లో రాయలసీమ అంతటా బడులు మూతపడ్డాయి. యూనిఫాంలో ఉన్న చిన్న పిల్లలను ఎండలో మానవహారాలుగా నిలబెట్టి నినాదాలు చెప్పించారు. ఉద్యమం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. మూడో తరగతి పిల్లవాడు రాష్ట్ర విభజన గురించి సొంతంగా అభిప్రాయం ఏర్పరచుకొన్నాడని మాత్రం మేము నమ్మలేం. అది పిల్లవాడి గొంతులో పెద్దల మాట. కన్నెపల్లి గేటు దగ్గరా, ఉడుపి గేటు దగ్గరా పిల్లల చుట్టూ పెద్దలు అలాగే గుమిగూడారు. కర్ణాటకలో తలగుడ్డకు పోటీగా కాషాయ కండువాలు కొన్ని కళాశాలల్లో ఒక్కసారిగా పుట్టుకొచ్చాయి. ఏ పిల్లవాడు మనస్సాక్షితో వేసుకొన్నాడు, ఏ పిల్లవాడు పక్కవాడిని రెచ్చగొట్టడానికి వేసుకొన్నాడు అనేది తెలుసుకోవడం కష్టమే. ఆ కష్టం పడటానికే బడికి ఒక హెడ్మాస్టరు ఉన్నాడు. రోజూ వేసుకొనేది, ఇంట్లో వేసుకొనేది, పండుగకూ దుఃఖానికీ వేసుకొనేది ఒక రకం. నిన్న సాయంత్రం ఎవరో పంచితే ఇవాళ వేసుకొచ్చింది మరొక రకం.

ఇంతకీ మన చరిత్ర ఏమిటి? జమ్మలమడుగులో క్యాంప్‌బెల్ ఆసుపత్రి కట్టినవారు లండన్ మిషను వారు. 1822లో కడపలో పని మొదలుపెట్టినవారూ వారే. ఆ మిషనే దక్షిణాన తిరువాన్కూరులో ఒక బట్టల పోరాటంలో చిక్కుకొంది. అక్కడ నాడార్ కులపు స్త్రీలు పైవస్త్రం కప్పుకోకూడదని కట్టడి ఉండేది. సువార్త విన్న స్త్రీలు రవిక తొడుక్కొన్నారు. సంతలో, దారిలో వాటిని చింపేశారు, వారి ఇళ్లు, ప్రార్థన మందిరాలు తగలబెట్టారు. దశాబ్దాలు సాగిన ఆ గొడవ తరువాత 1859లో రాజు ప్రకటన ఇచ్చాడు: నాడార్ స్త్రీలందరూ పైవస్త్రం కప్పుకోవచ్చు, కానీ పెద్ద కులాల స్త్రీల పద్ధతిలో మాత్రం కాదు. ఆ చివరి ముక్క చూడండి. ఒంటిని కప్పుకోనిచ్చారు, సమానంగా మాత్రం కప్పుకోనివ్వలేదు. ఫలానా బట్ట కట్టుకొన్నందుకు దెబ్బలు తిన్న స్త్రీల వైపు నిలబడిన మిషను మనకు బడులు పెట్టింది. ఆ బడుల గేటు దగ్గర బట్ట తీసి లోపలికి రమ్మనే మాట వినిపించినప్పుడు ఈ చరిత్ర తెలిసినవారికి ఎక్కడో గుచ్చుకోవాలి.

పరిశుద్ధ గ్రంథంలో ఈ విషయానికి దగ్గరగా ఉన్న కథ దానియేలు మొదటి అధ్యాయం. మనం ఎప్పుడూ దాన్ని దానియేలు ధైర్యం గురించే బోధిస్తాం. ఒకసారి ఆ అధికారి వైపు నుండి చదవండి. రాజు బడిలో చేరిన నలుగురు యూదా కుర్రవాళ్లు. బబులోను భాష నేర్చుకోమంటే నేర్చుకొన్నారు. కొత్త పేర్లు పెడితే పలికారు. రాజు భోజనం దగ్గర మాత్రం ఆగిపోయారు. దానియేలు పళ్లెం విసిరికొట్టలేదు, వెళ్లి అడిగాడు. నపుంసకుల అధిపతి భయపడ్డాడు. మీ ముఖాలు వాడిపోతే రాజు నా తల తీయిస్తాడన్నాడు. మన హెడ్మాస్టర్ల భయం కూడా అలాంటిదే. డి.ఇ.ఓ. ఏమంటాడో, కరస్పాండెంటు ఏమంటాడో, రేపు వీడియో ఎవరు తీస్తారో. అప్పుడు దానియేలు కిందివాడి దగ్గరికి వెళ్లి పది రోజులు పరీక్షించి చూడమన్నాడు. ఆ మనిషి ఒప్పుకొన్నాడు. అతనికి ఇశ్రాయేలు దేవుని మీద విశ్వాసం లేదు, ధర్మశాస్త్రం తెలియదు, శాకధాన్యాలు మాత్రమే తినే ఈ పట్టుదల అతని బుద్ధికి నచ్చి ఉండకపోవచ్చు. అయినా తన చేతిలో ఉన్న కొంచెం అధికారంతో ఆ పిల్లలకు కొంచెం చోటు చేశాడు. అతని పుణ్యాన నలుగురూ బడిలో మిగిలారు.

మన మిషను బడుల కమిటీల్లో కూర్చొన్న పెద్దలకు మేము చెప్పేది ఆ సేవకుడు చేసినంత పనే. యూనిఫాం ఉండాలి. దాని మీదికి ఏమేమి అనుమతిస్తామో ముందే తెలుగులో రాసి పెట్టాలి: యూనిఫాం రంగులోనే తలగుడ్డ కట్టుకోవచ్చు, మాల చొక్కా లోపల వేసుకోవచ్చు, దీక్షలో ఉన్న పిల్లవాడికి బూట్లు తప్పనిసరి కాదు, బొట్టు పెట్టుకోవడం, పెట్టుకోకపోవడం ఎవరి ఇష్టం వారిది, ప్రేయరులో మౌనంగా నిలబడవచ్చు. దీక్ష రోజుల్లో పూర్తి నల్ల బట్టలు, కాషాయ బట్టలు వేసుకొనేవారి సంగతి ఆ ఇళ్ల పెద్దలతో కూర్చొని తేల్చుకోవాలి. తగువు వస్తే ఎవరికి చెప్పాలో, ఎన్ని రోజుల్లో తేలుస్తారో రాయాలి. అది తేలేదాకా పిల్లవాణ్ణి గేటు దగ్గర గానీ వరండాలో గానీ నిలబెట్టకుండా తరగతిలో కూర్చోబెట్టాలి. సర్కారు బడుల పేరెంట్స్ కమిటీల్లో ఉన్న మన విశ్వాసులు కూడా ఇదే అడగాలి, మన పిల్లల కోసం మాత్రమే కాదు. ఆ కాగితం తయారు చేసేటప్పుడు ఒక ముస్లిం తండ్రిని, మాల వేసే ఇంటి తల్లిని పక్కన కూర్చోబెట్టుకొంటే మంచిది. మన ఊహకు తట్టనివి వారు చెబుతారు. సంతకాలు అడ్మిషన్ల సమయంలో, మే నెలలోనే తీసుకోవాలి. జూన్‌లో గంట కొట్టిన తరువాత, పిల్లవాడు సంచి వీపున వేసుకొని వచ్చి నిలబడ్డాక మొదలుపెట్టే చర్చ కాదిది.